జారీ కాని సవరణ

ఈ దినచర్యను ఏనాడైనా, ఏ కారణం చేతనైనా స్వాధీనపరచుకోగల గౌరవనీయ అధికారులకు, వారి పేర్లు తెలియనందున హోదాలకు మాత్రమే నమస్కరించి, క్రింద సంతకం చేసిన అమర్నాథ్, ఎం.ఏ. (పాలనాశాస్త్రం), స్వస్థలం కోహీర్, ప్రస్తుత నివాసం జహీరాబాద్, సవినయంగా విన్నవించునది ఏమనగా: ఈ పుస్తకం నేను నా కోసమే రాసుకొనుచున్నాను. ఇందులో అబద్ధం లేదు. అబద్ధమాడవలసిన అగత్యం పాలించేవానికి ఉండునే గాని, పాలనాశాస్త్రం చదివినవానికి ఉండదు. ఇతరులు దీనిని చదవరాదు. చదివినచో నా పక్షాన చదవవలెను.

జూన్ 6, 1964

జబ్బార్ ఈ ఉదయం కారు తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మా తండ్రిగారి కాలం నుంచి మా మోరిస్ కారు నడిపినవాడు. ఇకమీదట బొంబాయి రోడ్డు మీద ఎవరిదో లారీ నడుపుతాడట. కారణం: నిన్న దవాఖాన ముందు పదిమంది చూస్తుండగా నేను అతన్ని గాడిద అని సంబోధించడం. సందర్భం: మా అత్తగారు ఇందిరమ్మ గారు కారు దిగలేక ఆయాసపడుతుంటే, "జర ఆగుదాం దొరా, పెద్దమ్మకు దమ్మొస్తున్నది" అని డ్రైవరు యజమానికి సలహా చెప్పడం.

"బండి మీది దొరా," అన్నాడు వెళ్తూ. "చేతులు నాయి. నా చేతులు నేను తీస్కపోతున్న."

పంపకం న్యాయంగానే ఉన్నందున అభ్యంతరం తెలుపలేదు.

జూన్ 8

రికార్డు నిమిత్తం పరిస్థితిని నమోదు చేస్తున్నాను. ఇందిరమ్మ గారు రాయికోడ్‌లో ఒంటరిగా ఉంటారు. గుండె జబ్బు మనిషి. కాళ్ళకూ పొట్టకూ నీరు దిగుతుంది. ప్రతి శుక్రవారం ఇక్కడి దవాఖానలో నీరు లాగే సూది వేయించాలి. వేయించకపోతే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుందని డాక్టరు చెప్పాడు. ఆమె బస్సు మెట్టు ఎక్కలేరు. ఎద్దుల బండి కుదుపుకు ఊపిరి నిలవదు. ఆమెను మా ఇంట్లోనే ఉంచుకుందామని నా భార్య భాగీరథి గత సంవత్సరమే ప్రతిపాదించింది. దగ్గు వినపడే ఇంట్లో అధ్యయనం సాగదన్న కారణంతో ప్రతిపాదన అప్పుడే తోసిపుచ్చబడింది.

మరొక డ్రైవరు కోసం కబురు పెట్టాను. జబ్బార్‌ను గాడిద అన్న ఇంటికి రామని ఊళ్ళోని డ్రైవర్లందరూ ఒకే మాట చెప్పి పంపారు. అజ్ఞానులలో ఇంత ఐకమత్యం ఉంటుందని పాఠ్యగ్రంథాలలో ఎక్కడా లేదు.

మధ్యాహ్నం భోజనం వడ్డిస్తూ భాగీరథి, "నేను నడుపుత," అన్నది.

"ఏమిటి?"

"కారు. చెరుకు తోటల కాడ రోడ్డు ఖాళీగుంటే జబ్బార్ నాకు స్టీరింగిచ్చేటోడు. అమ్మ ఎనుక కూసునేది. గేర్లన్ని వస్తయి నాకు. కాగితమొక్కటే లేదు."

నా ఆస్తి నా అనుమతి లేకుండా ఎంతకాలంగా వినియోగింపబడుతున్నదో ఆ పూటే తెలిసింది. అయినా కోపగించలేదు. చట్టం దారి చట్టానికి ఉన్నది. సంగారెడ్డి నుంచి నెలకొకసారి ఇన్‌స్పెక్టరు వచ్చి ముసాఫిర్ బంగళాలో మకాం చేస్తాడు. ఇదివరకు నోటితో నాలుగు ప్రశ్నలడిగి కాగితం ఇచ్చేవారు. ఈ కొత్తాయన మాత్రం నేర్చుకునేవాళ్ళ చేత కూడా పరీక్ష రాయిస్తున్నాడని వినికిడి. రాత పరీక్ష అన్న మాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఇద్దరమూ కూర్చోవాలని తీర్మానించడమైనది. ఆమెకు శిక్షణ ఇచ్చే బాధ్యత నేనే స్వీకరించాను.

జూన్ 12, శుక్రవారం

సూది లేదు.

జూన్ 14

శిక్షణ ఆరంభం. విషయం: చేతి సంజ్ఞలు. నియమాల పుస్తకం బజారులో దొరకలేదు. అందుచేత సిద్ధాంతం నుంచి బయలుదేరవలసి వచ్చింది. కుడిచేయి కిటికీ బయట చాచి, అరచేయి నేలవైపు ఉంచి, పైకీ కిందికీ ఊపితే ఏమని అర్థం? మా పెరట్లో యాదమ్మను పనికి పిలిచేటప్పుడు ఊపేది సరిగ్గా ఇట్లాగే. మా తాతగారి కాలం నుంచి ఈ సంజ్ఞకు మా ఇంట్లో ఒకటే అర్థం: రా. కనుక రోడ్డు మీద దాని అర్థం, వెనుక వచ్చే బండీ, రా, దాటిపో.

భాగీరథికి ఒక సందేహం వచ్చింది. "జబ్బార్ గట్ల ఊపినప్పుడల్ల మన కారు నిదానమయ్యేది గదా?"

"మనం నిదానిస్తేనే కదా వెనకవాడు దాటేది?"

"గది గూడ నిజమే," అన్నది.

తర్కానికి లోబడే మనస్తత్వం ఆమెలో ఉన్నది. ప్రోత్సహించాను. ఆమె పలకమీద రాసుకుని కంఠస్థం చేసింది. చేయి ఊపి చూపించమంటే వంటింటి కిటికీలోంచి ఊపి చూపించింది. బావి దగ్గర ఉన్న యాదమ్మ, "వస్తున్నమ్మా" అని పరుగెత్తి వచ్చింది. సిద్ధాంతం ప్రయోగంలో కూడా రుజువైంది.

సాయంత్రం ఒక చిన్న ఘర్షణ. కారు కిటికీలకు మా అమ్మగారు కుట్టించిన పరదాలున్నాయి. డ్రైవరు వైపు పరదాను భాగీరథి కత్తెరతో తీసేసింది.

"మా అమ్మగారి చేయి కూడా రోడ్డు మీద ఎవరూ చూడలేదు," అన్నాను.

"మీ అమ్మ బండి నడిపిందా?"

జవాబు ఇవ్వదగిన స్థాయి ప్రశ్న కాదు.

జూన్ 19, శుక్రవారం

ఎద్దుల బండిలో తెచ్చారు. దవాఖాన చేరేసరికి ఇందిరమ్మ గారి పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి. సూది వేశారు. బ్రతికారు. ఇంకొకసారి బండిలో తెస్తే తన పూచీ కాదని డాక్టరు అన్నాడు.

భాగీరథి తల్లి పాదం మీద వేలితో నొక్కింది. గుంట పడి అట్లాగే నిలిచింది. "చూస్తున్రా?" అన్నది నాతో.

చూశాను.

జూన్ 23

ఈనాటి సంఘటనను రాయడమా మానడమా అని తటపటాయించి, రాస్తున్నాను.

చౌరస్తాలో పత్రిక కొంటుండగా బొంబాయి వైపు నుంచి ఒక లారీ వచ్చింది. నడిపేది జబ్బార్. నన్ను చూశాడు. కిటికీలోంచి కుడిచేయి బయటపెట్టి, అరచేయి కిందికి పెట్టి, మెల్లగా ఊపాడు. క్షమాపణ కోరదలచుకున్నాడని గ్రహించాను. యజమానిని బజారులో చేయి ఊపి పిలవడం మర్యాద కాకపోయినా, పశ్చాత్తాపాన్ని ప్రోత్సహించడం విద్యావంతుని ధర్మం కనుక రోడ్డు దాటి లారీ దగ్గరికి వెళ్ళాను.

"ఏంది దొరా?" అన్నాడు.

"పిలిచావు కదా. చెప్పు."

"నేనెందుకు పిలుస్త?" తన చేతిని తానే ఒకసారి చూసుకుని నవ్వాడు. "గిది పిలుసుడు గాదు దొరా. బండి నిదానం చేస్తున్న, ఎనుకటోడా పైలం అని. నేను బ్రేకేస్తుంటే మీరు ఉరికొచ్చిన్రు. మా ఇంట్ల కోళ్ళు గూడ ఇంత జల్ది రావు."

హోటలు బెంచీల మీద ఉన్నవాళ్ళు నవ్వారు. చాయ్ తాగుతున్న ఒకడికి పొలమారింది.

తర్వాత జబ్బార్ కొంచెం కిందికి వంగి, గొంతు తగ్గించి అడిగాడు. "పెద్దమ్మ ఎట్లున్నది?"

"డ్రైవర్లకు సంబంధించిన విషయం కాదు."

"శుక్రారం నాకు డ్యూటీ లేదు దొరా. నేనే పోయి తోల్కొస్త పెద్దమ్మను. మీరు ఒక్క మాటనుండ్రి, గాడిదన్నది తప్పయిందని. గింతమంది ముంగట వద్దు. ఇగో, గిక్కడ, నా ఒక్కని చెవుల అనుండ్రి."

ఒక్క మాటే. కాని ప్రతి మాటా ఒక పూర్వప్రమాణం అవుతుంది. ఈనాడు డ్రైవరు, రేపు యాదమ్మ. నేను పత్రిక మడిచి చంకలో పెట్టుకుని ఇవతలికి వచ్చేశాను.

జూన్ 24

పైన తెలిపిన సంజ్ఞ అర్థం విషయమై భాగీరథికి సవరణ జారీ చేయవలసి ఉన్నది.

జూన్ 25

సవరణ జారీ చేస్తే దాని ఆధారం ఏమిటని ఆమె అడుగుతుంది. ఆధారం జబ్బార్ అని చెప్పవలసి వస్తుంది. ఎట్లా తెలిసిందని అడుగుతుంది. పరిశీలనలో ఉంచాను.

జూన్ 27

భాగీరథి పాఠం అప్పగించింది. ఆగడం, కుడికి తిరగడం, ఎడమకు తిరగడం, అన్నీ సరిగ్గా చెప్పింది. ఆ సంజ్ఞ దగ్గర కొంచెం ఆగి నా ముఖం చూసి, "ఎనుకొచ్చేటోళ్ళు రావచ్చు, దాటిపోవచ్చు. గదే గదా?" అన్నది.

నేను అటు ఇటు అనకుండా తల ఊపాను. అటు ఇటు అనకుండా తల ఊపడం పాలనలో ఆమోదం కింద రాదు.

నిన్నటి శుక్రవారం సూది లేదు.

జూలై 2

పరీక్ష. ముసాఫిర్ బంగళా వరండాలో చాపలు పరిచారు. లారీ క్లీనర్లు, కోహీర్ నుంచి వచ్చిన ఇద్దరు పటేళ్ళ కొడుకులు, నేను, చివరన భాగీరథి. ఆడమనిషి ఆమె ఒక్కతే. ఇన్‌స్పెక్టరు కోస్తా జిల్లాల వాడు, తెల్లటి టోపీ, గట్టి గొంతు. "సంజ్ఞల్లో ఒక్కటి తప్పినా అన్నీ తప్పినట్టే," అని ముందే ప్రకటించాడు. "రోడ్డు మీద సగం మార్కులుండవు."

జవాబు పత్రాలు అక్కడికక్కడే దిద్దాడు. నాది ఉత్తీర్ణం; నేర్చుకునేవాని కాగితం చేతికి వచ్చింది. చదువు చదువే.

భాగీరథి పత్రం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత అందరికీ వినబడేట్టు చదివాడు. "'నిదానించు సంజ్ఞ: వెనుక వచ్చు బండి రావచ్చును, దాటిపోవచ్చును.' ఏవమ్మా, మీరు బ్రేకేస్తూ వెనకవాణ్ణి రమ్మంటారా? వాడు నమ్మి వచ్చేశాడనుకోండి, ఇద్దరికీ ఒకే పాడె కట్టొచ్చు. కర్ర కలిసొస్తుంది."

వరండా అంతా నవ్వింది. పటేళ్ళ కొడుకులు మరీ ఎక్కువ నవ్వారు.

"మిగతావన్నీ ముత్యాల్లా రాసింది, పాపం," అని ఇన్‌స్పెక్టరు పత్రం పక్కన పడేశాడు. "ఇది మాత్రం ఎవరు నేర్పారమ్మా మీకు?"

భాగీరథి నా వైపు చూసింది. నేను బంగళా దూలాలను పరిశీలిస్తున్నాను. టేకు. మంచి పనితనం.

"నేనే అట్ల అనుకున్న సార్," అన్నది.

తిరిగి వస్తుంటే రిక్షాలో అడిగింది. "మీ కాగితంల ఆ సంజ్ఞకు ఏం రాసిన్రు?"

"పరీక్ష రహస్యాలు వెల్లడించరాదు."

ఆ తర్వాత ఆమె ఏమీ అడగలేదు. ఈ విషయాన్ని సంతృప్తితో నమోదు చేస్తున్నాను.

జూలై 3, శుక్రవారం

పక్కింటి హఫీజుద్దీన్ సాహెబ్ పొద్దున్నే కర్ర తాటించుకుంటూ వచ్చారు. ఆయనకు నిజాం కాలం నాటి లైసెన్సు ఉన్నది, ఇంకా చెల్లుతుంది. కళ్ళు చెల్లవు, రెండింటికీ శుక్లాలు. నేర్చుకునేవాడి పక్కన లైసెన్సుదారు కూర్చోవాలన్న నియమం ఆయనకూ తెలుసు.

"దేఖో బేటా," అన్నారు. "కొత్త కాగితం నీ దగ్గరున్నది. పాత లైసెన్సు నా దగ్గరున్నది. నడిపే చేతులు మా బేటీ దగ్గరున్నయి. ముగ్గురం కల్సి ఒక్క డ్రైవరయితం గదా? కారు తియ్యి. అమ్మను తోల్కొద్దాం."

"ముగ్గురు కలిసి ఒక డ్రైవరు కావడాన్ని చట్టం గుర్తించదు."

"చట్టం చూడదు బేటా. నా లెక్కనే, దానికి గూడ కండ్లల్ల పొరలున్నయి."

భాగీరథి చేయి చాచింది. "తాళంచెవి ఇయ్యిండ్రి. పట్టుకుంటే నన్ను పట్టుకుంటరు. జైలుకు నేను పోత."

తాళంచెవి నా జేబులో, చట్టం పక్షాన ఉన్నది. ఇవ్వలేదు. ఇంటి పరువు విషయంలో ఇంత స్పష్టంగా వ్యవహరించినందుకు లోలోపల తృప్తి కలిగింది. కలిగింది.

జూలై 5

కారును నేనే నడపగలనని ఇంటివారికి నిరూపించవలసిన అవసరం ఏర్పడింది. పక్కన హఫీజుద్దీన్ సాహెబ్‌ను కూర్చోబెట్టుకుని, నేర్చుకునేవాడినని తెలిపే ఎర్ర అక్షరం బిళ్ళ ముందూ వెనుకా కట్టించి బయలుదేరాను. ముందుకు వెళ్ళవలసిన వాహనం వెనుకకు వెళ్ళి గేటు స్తంభాన్ని తాకింది. స్తంభం పడిపోయింది. వెనుక చక్రం మీది రేకు లోపలికి వంగి చక్రాన్ని కరచుకున్నది.

"కనబడలే గాని వినబడ్డది బేటా," అన్నారు సాహెబ్.

భాగీరథి వసారాలో నిలబడి ఉన్నది. నవ్వుతుందనుకున్నాను. నవ్వి ఉంటే బాగుండేది.

మెకానిక్ బస్వరాజ్ వచ్చి చూసి, రేకు విప్పి సాపు చేయాలనీ, వచ్చే శుక్రవారానికి అయ్యే పని కాదనీ అన్నాడు.

జూలై 9

భాగీరథి రాయికోడ్ వెళ్ళింది, బస్సులో. రేపు బండిలో తానే పక్కన కూర్చుని తెస్తానన్నది. డాక్టరు హెచ్చరికను గుర్తు చేశాను. "మరి ఎట్ల తేవాలె, మీరే చెప్పుండ్రి," అన్నది. ఆలోచించి చెబుతానన్నాను. బస్సు వెళ్ళిపోయింది.

జూలై 10, శుక్రవారం

ఇందిరమ్మ గారు జహీరాబాద్ చౌరస్తాలో, లారీల వరుస తెగకపోవడం చేత రోడ్డు దాటలేక ఆగిన ఎద్దుల బండిలో, దవాఖాన కంటికి కనిపించేంత దూరంలో మరణించారు.

సూది అవసరం తీరిపోయినందున, వాహనం విషయంలో ఇక తొందర లేదు.

జూలై 11

శవాన్ని రాయికోడ్ చేర్చినది జబ్బార్ లారీ. ఎవరు కబురు పెట్టారో తెలియదు. క్యాబిన్‌లో నాకు చోటున్నదని చెప్పాడు. నేను ఎక్కలేదు. భాగీరథి వెనుక, తల్లి పక్కన కూర్చున్నది. తల్లి పాదం మీద వేలితో నొక్కి చూసింది. ఎందుకు చూసిందో తెలియదు.

లారీ కదిలేముందు నా వైపు తిరిగి ఒకటే అడిగింది. "మీకు ఎప్పుడు తెల్సింది?"

"ఏది?"

"చెయ్యి సంగతి."

సందర్భం ఉచితం కానందున సమాధానాన్ని వాయిదా వేశాను. చౌరస్తాలో నన్ను చూసి జనం నవ్విన సంగతి లారీడ్రైవరు చెప్పి ఉంటాడు. తేదీతో సహా.

జూలై 26

కర్మకాండ పూర్తి అయి కొద్ది రోజులైంది. భాగీరథి రాయికోడ్‌లోనే ఉన్నది. తల్లి అల్లం చేను కలుపు తీయించాలట. ఆమె పక్కన ఉండి చెప్పకపోతే ఇక్కడ యాదమ్మకు కూరలో ఉప్పు కుదరడం లేదు.

ఆగస్టు 6

ఈ నెల పరీక్షలో శ్రీమతి భాగీరథి ఉత్తీర్ణురాలైంది. ఇన్‌స్పెక్టరు ఆ సంజ్ఞ గురించే మళ్ళీ అడిగాడట. "బండి నిదానమైతున్నది, ఎనుకటోళ్ళు పైలం," అని ఆమె చెప్పిందట. నేర్పింది ఎవరని ఈసారి ఆయన అడగలేదట. ఇదంతా హఫీజుద్దీన్ సాహెబ్ చెప్పగా విన్నది. నాకు తెలియపరచలేదు.

ఆగస్టు 7

మధ్యాహ్నం ఆమె ఇంటికి వచ్చింది. బాగుపడి వచ్చిన కారు చుట్టూ తిరిగి చూసింది. మిగిలిన పరదాలు కూడా విప్పి, మడతపెట్టి, మా అమ్మగారి పటం ముందు పెట్టింది. తర్వాత నా ముందు నిలబడి చేయి చాచింది.

"కాగితమున్నది ఇప్పుడు. చట్టం ప్రకారమే అడుగుతున్న."

"పక్కన లైసెన్సుదారు ఉండాలి."

"ఉన్నడు." గేటు అవతల జబ్బార్ నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

నిబంధనలన్నీ పూర్తి అయినప్పుడు పాలకునికి వేరే దారి ఉండదు. ఇచ్చాను. పడిపోయిన స్తంభం వైపు నుంచి, దేనినీ తాకకుండా తీసుకుపోయింది.

ఆగస్టు 20

రాలేదు.

సెప్టెంబరు 3

రాలేదు. ఇందిరమ్మ గారి దగ్గు ఇంట్లో లేకపోయినా అధ్యయనం సాగడం లేదు. దగ్గు వినపడుతున్నది. నాదే.

సెప్టెంబరు 18, శుక్రవారం

శుక్రవారాలలో ఆమె అల్లం బస్తాలతో జహీరాబాద్ అంగడికి వచ్చి వెళ్తున్నదని యాదమ్మ ద్వారా తెలిసింది. రాయికోడ్ దారి చీలే చోట మధ్యాహ్నం నుంచి నిలబడ్డాను. ఇది నిరీక్షణ కాదు, తనిఖీ.

చాలాసేపటికి మోరిస్ వచ్చింది. పరదాలు లేకపోవడం చేత లోపలి మనుషులు స్పష్టంగా కనిపించారు. ఆమె నడుపుతున్నది. పక్కన జబ్బార్, చేతులు ఒళ్ళో పెట్టుకుని, దారి వంక చూస్తున్నాడు. నేను కుడిచేయి చాచి, అరచేయి కిందికి పెట్టి, మా తాతగారి కాలం నుంచి మా ఇంట్లో పిలుస్తున్నట్టే ఊపాను.

ఆమె చూసింది. తన చేయి కిటికీ బయటపెట్టి, వెనుక వచ్చే జీపుకు నిదానమని చూపించింది. అది సక్రమమైన సంజ్ఞ. బండి నా దగ్గర నిదానించింది, పూర్తిగా ఆగలేదు. నేను పక్కనే నడిచాను.

"ఏంది, దాటిపొమ్మంటున్రా?" అన్నది.

"ఆగమంటున్నాను."

"మీరు నాకు గట్ల నేర్పలే."

గేరు మారిన చప్పుడైంది. చాలా మెత్తగా మార్చింది. కారు రాయికోడ్ వైపు మలుపు తిరిగేదాకా నా చేయి అట్లాగే చాచి ఉన్నది. వెనుక వచ్చిన జీపువాడు దాన్ని చూసి, నిదానించి, నా పక్కగా జాగ్రత్తగా వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు 19

పై పరిస్థితుల దృష్ట్యా, ప్రవేశికలో పేర్కొన్న అధికారులకు ఈ క్రింది డిమాండును లాంఛనంగా సమర్పించడమైనది.

డిమాండు నం. 1/64

మోటారు నడుపువారికి ఆగుటకు, తిరుగుటకు, నిదానించుటకు, ఇతరులను దాటనిచ్చుటకు సంజ్ఞలు కలవు. చౌరస్తాలోని పోలీసువానికి కలవు. రోడ్డు పక్కన కాలినడకన నిలబడినవానికి, తన ఇంటి మనిషి నడుపుకొని పోవుచున్న బండిని ఆపుటకు ఏ సంజ్ఞయు లేదు. అట్టి సంజ్ఞను ఒకదానిని వెంటనే నిర్ణయించవలెను. జారీలో జాప్యం కూడదు. జాప్యమైనచో ఏమగునో క్రింద సంతకం చేసినవానికి తెలియును. నిర్ణయించిన సంజ్ఞను నా ద్వారా కాక, తగిన మనిషి ద్వారా ముందుగా ఆమెకు నేర్పించి, ఆమె ఒప్పుకొన్న పిమ్మట మాత్రమే నాకు నేర్పవలెను.

(సం.) అమర్నాథ్, ఎం.ఏ.